హార్లెమ్‌లో బస, ఆమ్‌స్టర్‌డామ్‌కు రైలు: పావుగంట ప్రయాణం గురించి కొన్ని అనుభవాలు

ఆమ్‌స్టర్‌డామ్ చూడడానికి వెళ్లేవారు సాధారణంగా ఆ నగరంలోనే గది తీసుకుని, తీరిక దొరికితే ఒక పూట పక్కనున్న హార్లెమ్‌కు వెళ్లివస్తారు. మేము అందుకు భిన్నంగా హార్లెమ్‌లో బస చేసి ఆమ్‌స్టర్‌డామ్‌కు రైల్లో రాకపోకలు సాగించాము. నెదర్లాండ్స్‌కు మొదటిసారి వెళ్తున్న మనవాళ్లెవరైనా అడిగితే నేను ఇచ్చే సలహా కూడా అదే. రెండు నగరాల మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. ఇంటర్‌సిటీ రైలు పావుగంటలో చేరుస్తుంది, పగలంతా గంటకు పలుమార్లు రైళ్లున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది అద్దెపై 12.5 శాతం పర్యాటక పన్ను కూడా పడుతుంది కాబట్టి, పావుగంట ప్రయాణానికి ఖర్చయ్యే డబ్బు ఒక రకంగా అక్కడే తిరిగి వచ్చేస్తుంది.

రిజర్వేషన్, బెర్తు, వెయిటింగ్ లిస్టు అనే మాటల మధ్య పెరిగిన మనకు ఇక్కడి పద్ధతి మొదట కొంత వింతగా ఉంటుంది. సీటు నంబరు లేదు, ఫలానా రైలుకే టికెట్ అన్న నియమమూ లేదు. స్టేషన్ గేటు దగ్గర బ్యాంకు కార్డును యంత్రానికి తాకిస్తే ప్రయాణం మొదలైనట్టు, దిగిన చోట మళ్లీ తాకిస్తే ముగిసినట్టు. రెండో తరగతి ఛార్జీ మనిషికి సుమారు 5 యూరోలు. యంత్రం దగ్గర కాగితం టికెట్ కొంటే అదనపు రుసుము ఉంటుంది. అయితే మన కార్డులతో ఒక చిక్కుంది. భారతీయ బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలూ, తాకించి చెల్లించే సదుపాయమూ మనం కోరితే తప్ప పనిచేయవు కాబట్టి, బయలుదేరేముందే బ్యాంకు యాప్‌లో ఆ రెండింటినీ అనుమతించి ఉంచుకోవాలి. ఒకే కార్డుతో ఇంటిల్లిపాదీ లోపలికి పోవడం కుదరదు, తలా ఒక కార్డు ఉండవలసిందే. ఎక్కేటప్పుడు కార్డు తాకించి, దిగేటప్పుడు అదే కార్డును చేర్చిన ఫోను తాకిస్తే యంత్రం వాటిని రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కిస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు, పదకొండేళ్ల వరకు తక్కువ ధరకు ప్రత్యేక టికెట్ దొరుకుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్‌లో ప్లాట్‌ఫారం నంబరుతో పాటు దాని పక్కనున్న అక్షరాన్నీ చూసుకోవాలి. ఒకే పొడవాటి ప్లాట్‌ఫారాన్ని ఎ, బి అని రెండు భాగాలుగా వాడుతారు కాబట్టి, ఒకే నంబరు దగ్గర వేర్వేరు ఊళ్లకు పోయే రెండు రైళ్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉండే అవకాశం ఉంది. మైకులో ప్రకటనలు ఎక్కువగా డచ్ భాషలోనే వినిపిస్తాయి. బోర్డునే నమ్ముకోవడం మేలు.

ఈ చిన్న దారికి ఉన్న చరిత్ర పెద్దది. నెదర్లాండ్స్‌లో మొట్టమొదటి రైలు నడిచింది ఈ రెండు నగరాల మధ్యనే, 1839 సెప్టెంబరు 20న. మన దేశంలో బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకు రైలు నడవడానికి అది పద్నాలుగేళ్లు ముందు. అంతకుముందు ఇక్కడి జనం పడవలో వెళ్లేవారు. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో పడవను లాగేది. ఆ రాకపోకల కోసమే 1630ల మొదట్లో రెండు నగరాల మధ్య తిన్నగా ఒక కాలువ తవ్వారు. దారి మధ్యలో హాఫ్‌వెఖ్ దగ్గర నీటి తూములు అడ్డు రావడం వల్ల ప్రయాణికులు పడవ దిగి, గట్టు దాటి, అవతలి పడవ ఎక్కవలసి వచ్చేది. ఇప్పటికీ రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కనే ఆ కాలువ చాలా దూరం వెంట వస్తుంది. హాఫ్‌వెఖ్‌లో పాత చక్కెర కర్మాగారంలో చక్కెర నిల్వచేసే పొడవాటి గోపురాలు కార్యాలయాలుగా మారి నిలబడి ఉన్నాయి. ఇంటర్‌సిటీ అక్కడ ఆగదు. అన్ని స్టేషన్లలో ఆగే స్ప్రింటర్ ఎక్కితే మరికొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ, కాలువను తీరిగ్గా చూడాలనుకునేవారికి అదే సరైన బండి.

హార్లెమ్ స్టేషన్‌లో దిగగానే బయటికి పరుగెత్తకండి. 1908లో పూర్తయిన ఈ భవనాన్ని మార్గదాంత్ అనే వాస్తుశిల్పి తీగల్లాంటి వంపుల అలంకరణ ఉండే ఆర్ నువో శైలిలో కట్టాడు. ప్లాట్‌ఫారం మీద చెక్కతో కట్టిన గదులు, వాటి కిటికీల వంపులు, రంగు పలకల మీద తీర్చిన అక్షరాలు, పైన ఇనుము, గాజు కలిసిన కప్పు, ఇవన్నీ వాడుకలో ఉన్న వస్తువులే, అద్దాల పెట్టెలో పెట్టిన ప్రదర్శనలు కావు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ ఇంతకంటే ఎంతో గంభీరమైనదే గాని, అక్కడి జనప్రవాహంలో తలెత్తి చూసే వీలు చిక్కదు.

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే గ్రోటె మార్క్ట్ కూడలి, అక్కడే సెయింట్ బావో చర్చి. లోపలున్న ఆర్గాన్ అనే పెద్ద గాలి వాద్యాన్ని క్రిస్టియన్ ముల్లర్ 1738లో పూర్తి చేశాడు. అయిదు వేలకు పైగా గొట్టాలున్న ఆ ఆర్గాన్‌ను 1766లో పదేళ్ల మొత్సార్ట్ వాయించాడు. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ సమాధి కూడా ఈ చర్చిలోనే ఉంది. ప్రవేశ రుసుము చెల్లించినందుకు చింతించనక్కరలేని చోటు.

ఒక్క పూట మాత్రమే ఉన్నవారు రెండు మ్యూజియంలలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. సోమవారం రెండూ మూసే ఉంటాయి. ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియం ఒకప్పటి వృద్ధుల ఆశ్రమ భవనంలో ఉంది. ఆ ఆశ్రమాన్ని నడిపిన స్త్రీలను హాల్స్ ఎనభై దాటిన వయసులో, 1664 ప్రాంతంలో చిత్రించాడు. నల్లని దుస్తుల్లోంచి ముఖాలూ చేతులూ మాత్రమే వెలుగుతున్న ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. అయినా నా ఓటు స్పార్నె నది ఒడ్డునున్న టేలర్స్ మ్యూజియానికే. బట్టల వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసి గడించిన పీటర్ టేలర్ అనే ధనికుడి వీలునామా వల్ల ఏర్పడి, 1784లో ప్రజలకు తెరుచుకున్న ఈ సంస్థ ఆ దేశంలో అన్నిటికంటే పాత మ్యూజియం. అండాకారపు హాలులో పైకప్పు నుంచి పగటి వెలుగు కిందికి జారుతూ ఉండగా, బీరువాల్లో ఖనిజాలు కనిపిస్తాయి. వేరే గదిలో విద్యుత్తును పుట్టించడానికి వాన్ మారుమ్ అనే శాస్త్రవేత్త చేయించిన పెద్ద గాజు చక్రాల యంత్రం ఉంది. ఒక్కొక్క చక్రం మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవారికి ఇదే నచ్చుతుంది.

శాకాహారులకు రెండు నగరాల్లోనూ ఆదుకునేది దక్షిణ అమెరికాలోని ఒకప్పటి డచ్ వలస సూరినామ్ వారి రోటీ దుకాణం. 1873 నుంచి కూలీ ఒప్పందాల మీద కలకత్తా రేవు నుంచి సూరినామ్‌కు వెళ్లిన భారతీయుల వారసులు, తరవాతి కాలంలో నెదర్లాండ్స్‌కు వచ్చినప్పుడు తెచ్చిన వంట అది. పెద్ద రోటీ, బంగాళాదుంప, పొడవాటి అలసంద కాయల కూర అడిగితే మాంసం లేకుండా ఇస్తారు. మిరపకాయ పచ్చడి వేరుగా వడ్డిస్తారు కానీ, మనవాళ్లమని ధీమాతో దాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

బస విషయంలో ఒక మాట. పాత ఇళ్లను మార్చి చేసిన గదుల్లో మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండకపోవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే, బుక్ చేసేముందే లిఫ్టు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. మేము దిగిన చోట ఉదయపు ఫలహారాన్ని రొట్టె, చీజ్‌లతో సరిపెట్టేవారు గానీ, గది శుభ్రంగా, వీధి నిశ్శబ్దంగా ఉన్నాయి.

వేసవిలో ఎండ బాగా కాసే శని, ఆదివారాల్లో మాత్రం ఈ దారిని తప్పించండి. హార్లెమ్ దాటాక పది నిమిషాల్లో జాండ్‌వోర్ట్ సముద్రతీరం వస్తుంది కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్ జనమంతా ఇవే రైళ్లు ఎక్కుతారు. వారాంతాల్లో పట్టాల మరమ్మతుల వల్ల రైళ్ల బదులు బస్సులు నడపడమూ ఉంటుంది, ముందురోజు రాత్రే రైల్వే యాప్‌లో చూసుకోవాలి. స్కిపోల్ విమానాశ్రయానికి హార్లెమ్ నుంచి నేరుగా 300 నంబరు బస్సు ఉంది. పెట్టెలతో రైలు మారే శ్రమ కంటే అదే సుఖం.