దేశాల తీరు తెలియాలంటే ఏది మేలు: చరిత్రా, నాయకుల మనస్తత్వమా?

ఒక దేశం ఎందుకు కయ్యానికి దిగుతుందో, ఎందుకు రాజీకి వస్తుందో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. పాత యుద్ధాలు, పోగొట్టుకున్న భూములు, తరాలుగా వస్తున్న భయాలు చూసేది చరిత్ర. నిర్ణయం తీసుకునే మనిషి దేన్ని చూస్తాడో, దేన్ని చూడనంటాడో, పక్కనున్నవారు అతనికి ఏది చెప్పడానికి జంకుతారో చూసేది రాజకీయ మనస్తత్వశాస్త్రం. రెండూ కావాలనడం తేలిక. సంక్షోభం ముంచుకొచ్చినప్పుడు ముందు దేన్ని పట్టుకోవాలన్నదే అసలు చిక్కు.

చరిత్ర లేకుండా కొన్ని విషయాలు అసలు అర్థం కావు. 1812లో నెపోలియన్, 1941లో హిట్లర్ పడమటి నుంచే రష్యా మీదికి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2.7 కోట్ల మందిని కోల్పోయింది. మాస్కోలో ఎవరు గద్దెనెక్కినా పడమటి సరిహద్దు గురించిన ఆందోళన పోదు. ఆ భయాన్ని అర్థం చేసుకోవడం వేరు, దాని పేరిట పొరుగుదేశం మీద పడటాన్ని సమర్థించడం వేరు. ఈ తేడాను చెరిపేసే వాదనలు ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి.

అయితే నాయకులు చరిత్రను వాడే తీరు నన్ను కలవరపెడుతుంది. 1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కు అతనిలో ఇటలీ నియంత ముస్సోలినీ కనిపించాడు. ఇటలీతో మెతకగా వ్యవహరించడం నచ్చక 1938లో విదేశాంగ మంత్రి పదవిని వదులుకున్న మనిషి ఆయన. ఇప్పుడు లొంగితే మళ్లీ అదే జరుగుతుందనుకున్నాడు. 1882 నుంచి బ్రిటిష్ సేనలు తమ గడ్డ మీద తిష్ఠ వేసిన జ్ఞాపకం ఈజిప్టు ప్రజలది. ఆ సేనల్లో చివరి దళం వెళ్లి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఈడెన్ తన గతాన్ని చదివాడు, ఎదుటివారి గతాన్ని చదవలేదు. కాలువ కోసం ఈజిప్టు మీదికి సేనలను పంపిన బ్రిటన్, అమెరికా ఒత్తిడికీ, పౌండు పతనానికీ తలొగ్గి వెనుదిరిగింది. 1957 జనవరిలో ఆయన రాజీనామా చేశాడు.

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల ఫొటోలు చూసినవారికి మూడు వేర్వేరు గతాలు గుర్తొచ్చాయి. అమెరికా వైమానిక దళాధిపతి లెమే, 1938లో హిట్లర్‌కు లొంగి చేసుకున్న మ్యూనిక్ ఒప్పందం పేరెత్తాడు. ముందస్తు దాడి అంటే, 1941లో జపాన్ మన మీద చెప్పాపెట్టకుండా చేసిన పెర్ల్ హార్బర్ దాడిని ఇప్పుడు మనమే చేసినట్టని అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ వెనక్కి లాగాడు. అధ్యక్షుడు కెనడీ మనసులో 1914 ఉంది: ఎవరూ కోరుకోకుండానే ఐరోపా దేశాలు మొదటి ప్రపంచయుద్ధంలోకి జారిపోయిన ఏడాది. సాక్ష్యం ఒక్కటే, పాఠాలు మూడు. ఏ పాఠాన్ని ఎవరు ఎందుకు ఎంచుకుంటారో చరిత్ర చెప్పలేదు. అక్కడ మనస్తత్వశాస్త్రమే కావాలి.

ఏడాదిన్నర ముందు క్యూబాలోని బే ఆఫ్ పిగ్స్ మీద అమెరికా చేయించి విఫలమైన దాడికి ఇంచుమించు ఆ సలహాదారులే తలూపారు. ఐక్యత చెడుతుందని అనుమానాలను మింగేసుకోవడమే ఆ వైఫల్యానికి మూలమని మనస్తత్వవేత్త ఇర్వింగ్ జానిస్ 1972లో విశ్లేషించాడు. క్షిపణుల సంక్షోభంలో కెనడీ కొన్ని సమావేశాలకు కావాలనే దూరంగా ఉన్నాడు, మిగతావారు జంకు లేకుండా మాట్లాడాలని. సోవియట్ నేత క్రుష్చేవ్‌ను దగ్గరగా ఎరిగిన, మాస్కోలో అమెరికా మాజీ రాయబారి థాంప్సన్, క్యూబాను తానే కాపాడానని చెప్పుకునే వీలిస్తే అతను వెనక్కి తగ్గుతాడని నచ్చజెప్పాడు. అలాగే జరిగింది. అందుకే గంటల్లో తేల్చాల్సిన విషయంలో నా ఓటు మనస్తత్వశాస్త్రానికే.

దీనికీ లోపాలున్నాయి. దూరం నుంచి ఒక నాయకుడి మనసును అంచనా వేయడం తరచూ ఊహే అవుతుంది. జరిగాక వివరించడం మరీ సులువు. పైగా అది చరిత్ర మీద ఆధారపడక తప్పదు. లాభం కోసం కంటే నష్టం తప్పించుకోవడానికి మనుషులు ఎక్కువ తెగిస్తారని మనస్తత్వవేత్తలు కానేమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపారు. దేన్ని నష్టంగా లెక్కిస్తారన్నది మాత్రం గతమే నిర్ణయిస్తుంది. 1967లో సినాయ్ ద్వీపకల్పం ఇజ్రాయెల్ చేతిలోకి జారకపోయి ఉంటే 1973లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్ మీద దాడి చేసేంత సాహసానికి దిగేవాడా?

అదే సాదత్ 1977 నవంబరులో ఇజ్రాయెల్ పార్లమెంటులో నిలబడి, సమస్యలో 70 శాతం మానసికమైన అడ్డుగోడేనని అన్నాడు. మరుసటి ఏడాది ఈజిప్టు, ఇజ్రాయెల్ శాంతి చర్చలకు క్యాంప్ డేవిడ్‌ విడిదికి వెళ్లేముందు అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఇద్దరు నేతల వ్యక్తిత్వాల మీద నివేదికలు చదివాడు. ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, సాదత్ ఎదురెదురుగా కూర్చుంటే పోట్లాటే అవుతోందని గ్రహించి, ఇద్దరినీ విడదీసి తానే మధ్యవర్తిగా అటూ ఇటూ తిరిగాడు. చివరి రోజు చర్చలు తెగిపోయేలా ఉన్నప్పుడు, బెగిన్ మనవలు, మనవరాళ్ల పేర్లు రాసి సంతకం చేసిన ఫొటోలు అతనికి అందించాడు. 1982 ఏప్రిల్ నాటికి సినాయ్ ఈజిప్టుకు తిరిగి దక్కింది. పాలస్తీనీయుల స్వపరిపాలన గురించి అదే క్యాంప్ డేవిడ్‌లో రాసుకున్న భాగం మాత్రం ముందుకు సాగలేదు. ఆ చర్చల్లో పాలస్తీనీయులకు కుర్చీయే లేదు, వారి గతం తరఫున మాట్లాడే హక్కు అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ లేదు.