కత్తి మంచిదే, నా గొడవంతా తోలుతోనే

కత్తి మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. 2019లో కొన్న పాత జర్మనీ మంగలి కత్తి అది, ఆరేళ్లుగా దానితోనే గడ్డం గీసుకుంటున్నాను. నా గొడవంతా దానితో పాటు, గీసుకునే ముందు అంచుని తీడుకోవడానికి, అంటే రుద్ది సరిచేసుకోవడానికి, కొన్న తోలు పట్టీతో. ఈ కత్తుల గురించి చెప్పేవాళ్లు ఉక్కు గురించీ పిడి గురించీ గంటలకొద్దీ చెబుతారు. తోలు దగ్గరికొచ్చేసరికి "గీసుకునే ముందు ఓ అరవైసార్లు తీడండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క నాకు ఏడాది పైన తిప్పలు పెట్టింది.

కొన్నది మెడ కోసం. మూడు బ్లేళ్ల రేజరుతో గీసుకున్న మర్నాటికల్లా గొంతు కింద ఎర్రగా కురుపులు లేచేవి. నా వెంట్రుక మొరటు, పైగా మెలికలు తిరిగే రకం. ముందు బ్లేడు దాన్ని బయటికి లాగితే వెనక బ్లేడు బాగా లోతుకి కోసేది, అది మళ్లీ పైకి రాలేక చర్మం లోపలే చుట్టుకునేది. ఒకే అంచున్న కత్తికి ఆ లాగుడు ఉండదని విని ఐదున్నర వేలు పెట్టాను. కత్తి మెడ మీద, అంటే అలుగుకీ పిడికీ మధ్య, సోలింగెన్ అని ఉంది, కత్తులకి పేరుమోసిన జర్మనీ ఊరు. ఆ ఊరి పేరు ఇష్టం వచ్చినట్టు వేసుకోకుండా జర్మనీలో 1938 నుంచి చట్టమే ఉంది కాబట్టి సెకండ్ హ్యాండ్ అయినా ధైర్యం చేశాను. అమ్మినాయన "నేరుగా గీసేసుకోవచ్చు సార్" అన్నాడు. ఒక్క బుగ్గ గీసేసరికి కళ్లలో నీళ్లొచ్చాయి. సాన పట్టే అలవాటున్న ఒకాయనకి పంపించి, ఆరు వందలిచ్చి తెప్పించుకున్నాక తెలిసింది అసలు పదును అంటే ఏమిటో.

నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. మొదటి వారం బుగ్గలే, మిగతాదంతా పాత రేజరుతో. పనంతా కత్తి పట్టిన చేతిదే అనుకుంటాం గానీ సగం రెండో చేతిదే. చెవి దగ్గర చర్మాన్ని బిగించి పైకి పట్టకపోతే కత్తి తడబడుతుంది. కత్తిని ముప్ఫై డిగ్రీల వాలులో పట్టాలంటారు, అద్దం ముందు కొలబద్ద ఎక్కడ పెడతాం? కత్తి వెన్ను ఎంత మందం ఉందో, చర్మానికీ దానికీ మధ్య అంతకి రెండింతల ఎడం వదలడం నా లెక్క. కోసుకున్నది రెండేసార్లు, గడ్డం మొన మీద ఒకసారి, చెవి తమ్మె మీద ఒకసారి. రెండుసార్లూ కత్తి కిందికి నడవాల్సింది పక్కకి జారింది. పటిక రాసుకుని మూలుగుతూ ఆఫీసుకెళ్లాను.

2020లో లాక్‌డౌన్ పెట్టి సెలూన్లు మూసేసిన రోజుల్లో నా గొప్పలు చూడాలి. లిఫ్టు దగ్గర కనబడ్డ ప్రతివాళ్లకీ ఒకటే పాట. ఒక్కసారి కొంటే చాలండీ, బ్లేళ్ల ఖర్చు లేదు, మనవడి దాకా వస్తుంది. ఇద్దరు నా మాట విని కొన్నారు కూడా. వాళ్లిప్పుడు నన్ను చూస్తే ఆ ఊసెత్తరు.

ఆ వానాకాలంలోనే మొదలైంది. కత్తి కోయడం మానేసి పీకడం మొదలుపెట్టింది. ముందు సబ్బుని అనుమానించాను, మార్చాను. నురగ పలచనవుతోందేమో అనుకుని బ్రష్షు ఇంకో రెండు నిమిషాలు తిప్పాను. స్నానం చేశాక గీసుకున్నాను, వేడినీళ్ల తువ్వాలు కప్పుకున్నాను. పట్టే వాలు తప్పిందేమోనని అద్దం పక్కన ఫోన్ పెట్టి వీడియో తీసుకుని మరీ చూసుకున్నాను. వాలు బాగానే ఉంది, మొహమే బాగాలేదు. పదును పోయిందని నేనే ఒప్పుకుని గరుకు నంబరు నాలుగు వేలది ఒకటి, ఎనిమిది వేలది ఒకటి, రెండు సానరాళ్లు కొన్నాను. ఒక్కసారి కొంటే చాలు అన్నవాణ్ని, ఆ రాళ్లకి కత్తి ధరంత అయింది.

సాన పట్టడం మాత్రం భయపడినంత లేదు. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి నడిపితే వాలు దానంతటదే కుదురుతుంది, ఈ కత్తుల తయారీలోనే ఉందా తెలివి. రెండు ఆదివారాలు పాడుచేసి మూడో ఆదివారం పదును తెచ్చాను. ఒక వెంట్రుకని ఒక కొసన పట్టుకుని అంచు మీద వాల్చితే టప్పున తెగింది. ఆ రోజు గడ్డం వెన్న కోసినట్టు వచ్చింది. రెండోసారి బాగానే ఉంది. నాలుగోసారికి మళ్లీ పీకుడు. మళ్లీ రాయి, మళ్లీ మూడు రోజుల సంబరం. ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ అంచుతో పాటు వెన్ను కూడా కొంచెం అరిగేది, మెరిసే గీత ఒకటి రానురాను వెడల్పయ్యేది. మనవడి సంగతి దేవుడెరుగు, నా రిటైర్మెంటు దాకా వస్తుందా అని టెన్షన్.

రాయి దిగిన రోజు బాగుండి నాలుగోనాటికి చచ్చిపోతోందంటే, మధ్యలో దాన్ని ముట్టుకుంటున్నది నా మొహం, తోలు, ఈ రెండే. ఈ చిన్న లెక్క తట్టడానికి నాకు అన్ని నెలలు పట్టింది. మొహం మీద అనుమానం పోయాక తోలు తీసుకుని మా వీధి చివర ఉండే బాబాయి గారి దగ్గరికి వెళ్లాను. కాకినాడలో నలభై ఏళ్లు సెలూన్ నడిపినాయన. సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులొచ్చాక పాత కత్తులు పొదిలోనే ఉండిపోయాయట, పొది మాత్రం పారేయలేదు.

తోలుని వెలుతురుకి పెట్టి చూసి నవ్వారు. "నీ బుగ్గల మీద కంటే దీని మీదే గాట్లు ఎక్కువున్నాయి బాబూ." తర్వాత కిటికీ ఊచకి తగిలించి, ఏదీ తీడు చూద్దాం అన్నారు. పది విసుర్లు చూసి ఆపేశారు. "తోలు ఉయ్యాలూగుతోంది. కత్తి వెళ్లినచోటల్లా గుంట పడతా ఉంది. గుంట దాటేటప్పుడు తోలు లేచి అంచుకి చుట్టుకుంటే అది గుండ్రంగా అయిపోదూ? చీర మడతపెట్టేటప్పుడు ఇద్దరు పట్టుకున్నట్టుండాలి." దానికి తోడు నేను నొక్కుతున్నానట. వెన్ను ముందు వెళ్లాలని నాకు తెలుసు, కొస దగ్గర కత్తిని వెన్ను మీదే తిప్పాలని తెలుసు. నొక్కితే పదును పెరుగుతుందనే పిచ్చి ఎక్కడ అంటుకుందో. ఆయన కత్తి బరువు తప్ప ఇంకో బరువు పెట్టలేదు. చివర్లో అరచేతి మీద నాలుగుసార్లు అటూఇటూ తిప్పారు, అది చూసి నా గుండె ఆగింది. ఆ పని నేను ఇప్పటికీ చేయను.

ఇంటికొచ్చి తోలుని వేలాడదీయడం మానేసి చదునైన చెక్క మీద పరిచి రెండు కొసలా బిగించాను. గాట్ల అంచులు సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. ఆ పూట సాన పట్టిన పదును ఎనిమిది నెలలు నిలిచింది. మళ్లీ వేలాడదీసి తీడే ధైర్యం రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పుడు చప్పుడుని బట్టి తెలుస్తుంది. సరిగ్గా వెళ్తే ఒకే తీరుగా సుయ్‌మంటుంది, చేయి బరువెక్కితే గొంతు మందగిస్తుంది. నిజం చెప్పాలంటే గీసుకోవడం కంటే ఈ చప్పుడు కోసమే పెందలాడే లేస్తున్నానేమో.

కాబట్టి తప్పు తోలుదని మొదట్లో అన్నది పూర్తిగా నిజం కాదు, నా చేతికీ వాటా ఉంది. కానీ రెండంగుళాల సన్న పట్టీని, అదీ సాగే తోలుని, కొత్తగా నేర్చుకునేవాడికి అంటగట్టిన దుకాణం మీద కోపం మాత్రం అలాగే ఉంది.

లిఫ్టు దగ్గర చెప్పిన గొప్పల్లో ఇంకొన్ని వెనక్కి తీసుకోవాలి. ఖర్చు లేదన్నాను, రాళ్లూ తోలూ కలిపితే ఇప్పటికి పద్నాలుగు వేలు దాటింది. బ్లేళ్లు అంత డబ్బుకి ఎన్నేళ్లు వచ్చేవో మా ఆవిడ లెక్కకట్టింది, నేను వినలేదు. నిర్వహణ ఏముంది, తుడిస్తే చాలన్నాను. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. హైదరాబాదులో మా అక్కయ్య ఇంటికి పది రోజులు వెళ్లొచ్చేసరికి అంచుకి దగ్గర్లో ఆవగింజంత నల్లమచ్చ పడింది. ఆ కత్తిది తుప్పుపట్టే ఉక్కు మరి. అప్పట్నుంచి ఊరెళ్లే ముందు కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి, బాత్రూములో కాకుండా బీరువాలో పెడుతున్నాను. విమానంలో చేతిసంచిలో పెట్టుకోవడం ఎలాగూ కుదరదు.

కురుపులు తగ్గాయా అంటే బాగా తగ్గాయి. అది కత్తి గొప్పో, వారానికి మూడుసార్లే గీసుకోవడం వల్లో విడదీసి చెప్పలేను. వెంట్రుక వాలుకి ఒకసారి, అడ్డంగా ఒకసారి, అంతటితో ఆపేస్తాను. గొంతు కింద నాకు వెంట్రుకలు పక్కకి మొలుస్తాయి, అక్కడ ఎదురువాలుకి గీసిన రోజల్లా కురుపులు లేచాయి. అద్దంలా నున్నగా ఉండాలనుకునేవాళ్లకి నా గడ్డం నచ్చకపోవచ్చు.

నాకు ఆఫీసు పదిన్నరకి, పిల్లలు స్కూలుకి వెళ్లాక ఇల్లు ఖాళీ, చేతులు వణకవు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా కొనేవాణ్ని కాను. ఏడింటికి బస్సు పట్టుకునే మా తమ్ముడు అడిగితే మామూలు సేఫ్టీ రేజరే కొనిచ్చాను, సుఖంగా ఉన్నాడు. మీకు తీరిక ఉండి, కత్తికి పెట్టే డబ్బులో సగమైనా తోలుకి పెట్టగలిగితే, సాగని మూడంగుళాల పట్టీ దొరికితే, అప్పుడు ఆలోచించండి. మొదటి ఆరు నెలలు చెక్క మీద పరిచే తీడండి.

నేను కూడా అలాంటి పట్టీనే మొన్న సంక్రాంతికి కొనుక్కున్నాను. ఇప్పటికి దాని మీద ఒకటే గాటు పడింది, పోయిన గురువారం, తీడుతుండగా ఫోన్ మోగితే.