మోకాలికి పీఆర్పీ ఇంజెక్షన్: ఏడు నెలల తర్వాత రాస్తున్న రివ్యూ

ఇంజెక్షన్ వేయించుకున్న మర్నాడే ఆహా ఓహో అని రాసే రివ్యూ కాదండి ఇది, ఏడు నెలలు ఆగి రాస్తున్నా. పీఆర్పీ అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు నీరు, తీసి మోకాల్లోకి ఎక్కించడం. నాకు 47 ఏళ్లు. భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులున్నాయి, తెల్లారగానే షటిల్ డబుల్స్, ఆ తర్వాత గట్ల మీద తిరుగుడు, రాత్రి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి మళ్లీ ఇంకో రౌండు. రెండేళ్ల నుంచి కుడి మోకాలు పీకడం మొదలైంది. చదునుగా ఉన్నచోట నడిస్తే పర్లేదు, గట్టు దిగేటప్పుడే ప్రాణం పోయేది. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూడాలంటే వంగాలి కదా, వంగినవాణ్ణి లేవాలంటే పక్కన గుంజ పట్టుకోవాల్సి వచ్చేది. నొప్పి బిళ్ల వేసుకుని షటిల్ ఆడటం, సాయంత్రానికి వాపు, మళ్లీ ఇంకో బిళ్ల, చాలాకాలం ఇలాగే నెట్టుకొచ్చా.

మొదట వేరే చోటికి వెళ్లా, పేరు రాయను. అక్కడ మోకాలు ఒకసారి నొక్కి చూసి, మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ తీసుకోండి గుజ్జు మళ్లీ పుట్టుకొస్తుంది ఆపరేషన్ జన్మలో అక్కర్లేదు, ఇవాళే అడ్వాన్స్ కడితే తగ్గిస్తాం అన్నారు. కనీసం ఎక్స్‌రే కూడా తియ్యలేదు. రొయ్య పిల్ల కొనేటప్పుడే జబ్బు ఉందో లేదో చెప్పే పీసీఆర్ రిపోర్ట్ చూడనిదే రూపాయి కట్టం, మరి మోకాలికి ఏ పరీక్షా లేకుండా ఎలా కడతామండి. లేచి వచ్చేశా.

ఈ రివ్యూ రెండో చోటు గురించి, భీమవరంలోనే. ఇక్కడ డాక్టర్ గారు నన్ను నిలబెట్టి రెండు మోకాళ్లకీ ఎక్స్‌రే తీయించారు, పడుకోబెట్టి తీస్తే అరుగుదల సరిగా తెలీదట. నాది గ్రేడ్ 2 అన్నారు. మొత్తం నాలుగు గ్రేడ్లు, నాలుగంటే దాదాపు ఎముకకి ఎముక ఆనుకుపోయినట్టే, అంతదాకా వచ్చినవాళ్లకి ఈ ఇంజెక్షన్ వల్ల పెద్దగా ఉపయోగం ఉండదని ఆయనే చెప్పారు. గుజ్జు పెరుగుతుందాండి అని సూటిగా అడిగా. "పెరుగుతుందని నేను చెప్పలేనండి, నొప్పి తగ్గితే మీ తొడ కండకి పని చెప్పొచ్చు, నేను ఆశించేది అంతే" అన్నారు. 2021లో జామా అనే మెడికల్ జర్నల్లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్ గురించి కూడా దాచకుండా చెప్పారు. 50 దాటిన 288 మందిని తీసుకుని కొందరికి ప్లాస్మా, కొందరికి ఉత్తి సెలైన్, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చారట, ఏడాది తర్వాత చూస్తే నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదట. బాగా పనిచేసిందన్న స్టడీలు కూడా ఉన్నాయి, కొందరికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉపశమనం ఉంటోంది, మీకెలా ఉంటుందో ముందే గ్యారంటీ ఇవ్వలేను, ఆలోచించుకుని రండి అన్నారు. సూది వేసే డాక్టరే ఇంత చెప్పాక నాకు ఆయన మీద గురి కుదిరింది. వారం ఆలోచించుకుని, ఒక్కటే వేయించుకుని చూద్దామని ఒప్పుకున్నా.

వారం ముందు నుంచి నొప్పి బిళ్లలు ఆపేయమన్నారు, అవి ప్లేట్‌లెట్ల పనికి అడ్డం పడతాయట, మరీ తట్టుకోలేకపోతే పారాసెటమాల్. గుండెకి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం దయచేసి సొంతంగా ఆపెయ్యకండి, డాక్టర్ని అడగండి.

మన దగ్గర ప్లేట్‌లెట్లు అంటే డెంగ్యూ సీజన్లో ఎన్ని వేలకి పడిపోయాయో అన్న కంగారే. వాటిల్లోనే దెబ్బ మానడానికి పనికొచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి, మన రక్తంలోంచే వాటిని పోగుచేసి మోకాల్లోకి ఎక్కించడమే ఈ పీఆర్పీ. చేతి నుంచి 30 ఎంఎల్ రక్తం తీశారు, గడ్డకట్టకుండా మందున్న ట్యూబుల్లో పోసి నా కళ్లముందే పేరు రాసి స్టిక్కర్ అంటించారు. తర్వాత మెషిన్లో పెట్టి తిప్పారు. ఇదివరకు పాల కేంద్రాల్లో వెన్న శాతం చూడ్డానికి గాజు గొట్టాలు గిర్రున తిప్పేవాళ్లు గుర్తుందా, అదే పద్ధతి. ఆగాక చూపించమని అడిగితే సిస్టర్ గారు విసుక్కోకుండా వెలుతురుకి పెట్టి చూపించారు. అడుగున చిక్కటి ఎరుపు, దాని మీద మీగడ తరకలాగా పలచని తెల్ల పొర, పైనంతా శనగనూనె రంగు నీరు. ఆ తెల్ల పొర చుట్టుపక్కల ఉన్నదే కావాల్సిన సరుకట. మళ్లీ ఒకసారి తిప్పి చివరికి 5 ఎంఎల్ తీశారు. అల్ట్రాసౌండ్ స్క్రీన్ మీద సూది ఎక్కడికి వెళ్తోందో చూసుకుంటూ వేశారు, మొత్తం గంటన్నర పట్టింది. సూది పోటు కంటే మందు లోపలికి వెళ్తున్నప్పుడు మోకాలు లోపల్నుంచి బిగిసిపోయినట్టు ఉండటమే కష్టం.

అసలు నొప్పి ఆ రాత్రి మొదలైంది. రెండు రాత్రులు మోకాలు ఉబ్బి బాత్రూంకి వెళ్లడానికి కూడా మా ఆవిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది, మామూలు నొప్పి బిళ్లలు ఇంకా వాడకూడదు. రెండో రాత్రి పదింటికి వాళ్లిచ్చిన నంబరుకి నాలుగుసార్లు చేశా, ఎవరూ ఎత్తలేదు. ఇది వాళ్ల తప్పే, తర్వాత వెళ్లినప్పుడు మొహం మీదే చెప్పా. వాపు మామూలేనని తెలుసు కానీ ఎంత వాపు మామూలో భయపడేవాడికి ఎలా తెలుస్తుంది? మోకాలు ఎర్రగా కాలిపోతూ జ్వరం వస్తే మాత్రం ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి, ఆ ముక్క ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి వీళ్లు.

మూడు వారాలు ఏమీ తేడా లేదు. డబ్బులు దండగయ్యాయని ఇంట్లో మాట కూడా వచ్చింది. ఆరో వారం నుంచి గట్టు దిగుతుంటే ఆ పోటు తగ్గినట్టు అనిపించింది. ఈలోపు ఫిజియో చెప్పినట్టు కుర్చీలో కూర్చుని కాలు చాపి బిగబట్టడం, తర్వాత ఒక్క మెట్టు ఎక్కి దిగడం, రోజుకి రెండుసార్లు మానకుండా చేశా. రాత్రి అన్నం తగ్గించి ఐదు కేజీలు తగ్గా, ఒక కేజీ తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు నాలుగు కేజీల భారం తగ్గినట్టేనట. అంచేత ఫలితం మొత్తం ఇంజెక్షన్‌దే అని నేను రాయలేను. నొప్పి పదిలో ఏడు ఉండేది ఇప్పుడు మూడు. గునుపూడి సోమేశ్వరుడి గుళ్లో అన్నపూర్ణమ్మ పై అంతస్తులో ఉంటుంది కదా, రెండేళ్లు నేను కింద శివుడికి దణ్ణం పెట్టుకుని కూర్చుంటే మా ఆవిడే పైకి వెళ్లొచ్చేది, మొన్న నేనూ మెట్లెక్కి అమ్మవారిని చూసొచ్చా. దిగేటప్పుడు రెయిలింగ్ మీద చెయ్యి వేశా గానీ బరువు వెయ్యలేదు. షటిల్ వారానికి మూడు రోజులే ఆడుతున్నా, స్మాష్‌కి ఎగరడం మానేశా.

ఖర్చు ఎక్స్‌రేతో కలిపి 14 వేలు అయింది, నా ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేదు. ఫిజియో ఖర్చు విడిగా. డాక్టర్ గారికి ఐదు స్టార్లు, ఫోన్ ఎత్తని దానికి ఒకటి తీసేసి నాలుగు ఇస్తున్నా. రెండోది వేయించుకుంటారా అని ఆయన అడగలేదు, నొప్పి తిరగబెడితే అప్పుడు చూద్దామన్నారు.

వెళ్లేవాళ్లు టిఫిన్ తిని నీళ్లు బాగా తాగి వెళ్లండి. కూడా ఒకరిని తీసుకెళ్లండి, వచ్చేటప్పుడు మీరు బండి నడపలేరు.