రాస్ప్‌బెర్రీ షేక్ అండ్ బూమ్: పెట్టె బాగుంది, పనంతా గొట్టం దగ్గరే

20 హెర్ట్జ్‌కు దిగువనున్న శబ్దం, అంటే ఇన్‌ఫ్రాసౌండ్, మన చెవికి అందదు. దాన్ని సొంతంగా నమోదు చేయాలనుకునేవాళ్లకు ఈ పరికరం బాగా పనికొస్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూర్చునే బోర్డు ఇది. నేల కదలికకు జియోఫోన్, గాలికి పీడన సెన్సర్, సెకనుకు 100 నమూనాలు. నెట్‌వర్క్‌కు కలిపి స్వార్మ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నేల గీత ఈహెచ్‌జెడ్ పేరుతో, గాలి గీత హెచ్‌డీఎఫ్ పేరుతో కనిపిస్తాయి. ఇందులో చిక్కేమీ లేదు.

రెండు గీతలూ పక్కపక్కనే ఉండటమే దీని విలువ. 10 కిలోమీటర్ల దూరంలో పేలుడు జరిగితే నేల తరంగం రెండు మూడు సెకన్లలో వచ్చేస్తుంది, గాలి తరంగం సుమారు 29 సెకన్లు తీసుకుంటుంది. ఆ ఎడాన్ని బట్టి దూరం లెక్కగట్టొచ్చు.

తంటా అంతా పీడన సెన్సర్‌కు గాలిని అందించే గొట్టంతోనే. దూరం నుంచి వచ్చే సంకేతం చాలాసార్లు 1 పాస్కల్‌కు లోపే ఉంటుంది. గొట్టం మూతి 8 సెంటీమీటర్లు పైకి లేచినా పీడనం దాదాపు అంతే మారుతుంది! వేలాడే గొట్టం ఊగిందంటే దొంగ సంకేతమే. కాబట్టి ముందు దాన్ని కదలకుండా బిగించండి. గదిలో పెట్టినా పనిచేస్తుంది కానీ, తలుపు వేసిన ప్రతిసారీ గీత ఎగిరిపడుతుంది.

బయట అసలు శత్రువు ఈదురుగాలి. సన్న రంధ్రాల గొట్టాన్ని నాలుగు చేతులుగా, ఒక్కోటి 5 మీటర్లు, నేల మీద పరిచి కంకర కప్పితే రొద బాగా తగ్గుతుంది. రంధ్రాల దగ్గర గాలి సుడులు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి కనుక 16 రంధ్రాల సగటులో రొద నాలుగో వంతుకు దిగుతుంది. 1 హెర్ట్జ్ తరంగం పొడవు 340 మీటర్లు, దానికి ఈ గొట్టమంతా ఒక్క చుక్కతో సమానం. అలాగని చేతులు మరీ పొడిగించకండి. 10 హెర్ట్జ్ తరంగం 34 మీటర్లే, పొడవాటి గొట్టంలో అది తనను తాను చెరుపుకుంటుంది. నీటిచుక్క చేరినా గొట్టం మూసుకుపోతుంది, మూతి కిందికి వంచండి.

ఒక్క పెట్టెతో దిశ తెలియదు. కనీసం మూడు కావాలి, అవీ ఒకే వరుసలో ఉండకూడదు. 100 మీటర్ల ఎడానికి తేడా 0.3 సెకను లోపే కాబట్టి, ఇంటర్నెట్ గడియారం కొన్ని పదుల మిల్లీసెకన్లు తప్పినా దిశ పక్కకు పోతుంది. కచ్చితమైన సమయం కోసం ప్రతి పెట్టెకూ జీపీఎస్ తగిలించండి.