దిగ్లీపూర్‌కు ఏ దారి మేలు: రోడ్డా, సముద్రమా?

అండమాన్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ చూసి తిరిగొచ్చేస్తారు. (2018లో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని, 2024లో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు. టికెట్టు మీద కొత్త పేర్లు చూసి కంగారు పడకండి.) ఇంకా సెలవు మిగిలినవాళ్ళు, ముఖ్యంగా ఎల్‌టీసీ (ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ) మీద కుటుంబంతో వచ్చినవాళ్ళు, ఉత్తరం వైపు చూస్తారు. బారాటాంగ్ సున్నపురాయి గుహలు, రంగత్, మాయాబందర్, చిట్టచివర దిగ్లీపూర్. అక్కడికి చేరడానికి అండమాన్ ట్రంక్ రోడ్డు ఉంది, సముద్రమూ ఉంది. హెలికాప్టర్ కూడా ఉంది కానీ అది రోగులకూ స్థానికులకూ ముందు అక్కరకు రావలసినది, దాన్ని లెక్కలోకి తీసుకోను.

కాలం, సౌకర్యం మాత్రమే చూస్తే రోడ్డుదే పైచేయి. అయినా చూడ్డానికి వచ్చినవాళ్ళు సముద్రం మీదే వెళ్ళాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందు రోడ్డు సంగతి చెప్తాను. ఇది నాలుగో నంబరు జాతీయ రహదారి, పొడవు సుమారు 330 కిలోమీటర్లు. దక్షిణాన జిర్కాటాంగ్ నుంచి, బారాటాంగ్‌కు దాటే రేవైన మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవాలనే ఆదిమ జాతికి కేటాయించిన రిజర్వు అడవిలోంచి పోతుంది. ఆ ముక్కలో ఎవరికి వారుగా బండి నడపడం కుదరదు. రోజుకు కొన్ని విడతలుగా, పోలీసు కాపలాతో, వాహనాలన్నీ ఒకే వరుసలో వెళ్ళాలి. తొలి విడత అందుకోవడానికి తెల్లవారుజామున మూడింటికే హోటళ్ళ ముందు కార్లు సిద్ధంగా ఉంటాయి.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆ చీకట్లో కనిపించేది ఒక చిన్నపాటి సంత. వరుసగా ఆగిన కార్లు, వ్యానులు, బస్సులు, గోనె సంచుల లారీలు. డ్రైవర్లు బానెట్ మీద ఫారాలు పరిచి ఫోను వెలుతురులో ప్రయాణికుల పేర్లు, ఆధార్ నంబర్లు నింపుతుంటారు. టీ కొట్ల ముందు నిద్రకళ్ళ పిల్లలు. పక్కనే పెద్ద బోర్డు: బండి ఆపరాదు, ఫొటోలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు, ముందు బండిని దాటరాదు, గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఆ బోర్డు చదివినవాళ్ళే వెనక్కి తిరిగి డ్రైవరును అడిగే మాట ఒకటుంది: "కనిపిస్తారా?" ఆయన చెప్పే జవాబూ ఒకటే: "అదృష్టం ఉంటే కనిపిస్తారు సార్."

ఆ ప్రశ్న దగ్గరే నాకు రోడ్డు మీద మనసు విరిగిపోయింది. సున్నపురాయి గుహలు పేరుకే. కిటికీలోంచి మనుషులను చూడ్డానికి పోతున్నామని బండిలో అందరికీ తెలుసు.

2011 జనగణనలో జారవాలు 380 మంది. ఈ రోడ్డు పనులు 1970 ప్రాంతంలో మొదలైనప్పుడు వాళ్ళు బాణాలతో అడ్డుకున్నారు. కూలీలు చనిపోయారు, అడవిలో జారవాలూ చనిపోయారు, రోడ్డు మాత్రం ఆగలేదు. 1997, 98లలో వాళ్ళంతట వాళ్ళే అడవి దాటి బయటికి రావడం మొదలైంది. మరుసటి ఏడే తట్టు సోకింది, 2006లో మళ్ళీ సోకింది. మన ఊళ్ళలో పిల్లలకు టీకాతో తప్పిపోయే జబ్బు, దాన్ని ఎన్నడూ ఎరగని ఒంటికి ప్రాణాంతకం. 2002 మే నెలలో సుప్రీంకోర్టు రిజర్వులోని రోడ్డు భాగాన్ని మూసేయమని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టిన వీడియోలో పర్యాటకుల కోసం జారవా స్త్రీలను నాట్యం చేయమంటున్న దృశ్యం చూసి దేశమంతా తల దించుకుంది. 2013 ఆరంభంలో కోర్టు ఉత్తర్వు వల్ల కొన్ని వారాలు పర్యాటకుల రాకపోకలు ఆగాయి, తర్వాత మళ్ళీ మామూలే.

దీవులను చెరసాలగా మార్చినప్పటి కథకు ఇది కొనసాగింపులా కనిపిస్తుంది నాకు. 1857 తిరుగుబాటు అణచివేశాక, 1858 మార్చిలో డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఖైదీలకు అప్పగించిన మొదటి పని అడవి నరకడం. ఆ అడవి గ్రేట్ అండమానీలనే మరో ఆదిమ జాతి వేట నేల. మరుసటి ఏడు మే నెలలో వాళ్ళు ఖైదీల స్థావరం మీద దాడికి వస్తే, పారిపోయి వాళ్ళ మధ్య ఏడాదిపాటు బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ తిరిగొచ్చి ముందే కబురు అందించాడు. దాడి విఫలమైంది. ఆ తర్వాత వాళ్ళను తుపాకీ కన్నా జబ్బులే ఎక్కువ తినేశాయి. 1858 నాటికి వేలల్లో ఉన్న జాతి 1901 జనగణనకు 625 మంది, 1961 నాటికి 19 మంది. 1877లో వాళ్ళను ఊడ్చేసిన జబ్బు కూడా తట్టే.

మనకు దీంతో ఇంకో సంబంధం ఉంది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం యోధుల్లో కొందరిని ఈ దీవులకే పంపారు. వాళ్ళు తిరగబడ్డ కారణాల్లో మొదటివి అడవి చట్టం, గూడెం కొండల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన రోడ్డు వెట్టి. కొండను చీల్చే రోడ్డును ఎదిరించినందుకు సముద్రం దాటినవాళ్ళు వాళ్ళు. సెల్యులార్ జైల్లో వాళ్ళను తలచుకుని దండం పెట్టి, మర్నాడు తెల్లవారుజామున జిర్కాటాంగ్ వరుసలో నిలబడటం నావల్ల కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉత్తరాన ఉండేవాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. పురిటి నొప్పులతో ఉన్న అమ్మాయిని రంగత్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు తేవాలంటే రోడ్డు కావాలి. ఓడ రద్దయిన రోజు దిగ్లీపూర్ కూరగాయలు కదలాలంటే రోడ్డు కావాలి. దశాబ్దాలుగా అక్కడ నేల దున్నుకుంటున్నవాళ్ళ ఇబ్బంది వేరు, మూడు రోజుల సరదాకు వచ్చిన మన తొందర వేరు. ఆ రెండింటినీ ఒకే గాట కట్టి "అందరూ వెళ్తున్నారుగా" అనడం న్యాయం కాదు.

ఇక సముద్రం. పగటి పడవ, రాత్రి ఓడ అని రెండు రకాలు. పగలు రంగత్ వెళ్ళే ప్రభుత్వ పడవ నాకు ప్రాణం. పొద్దున్నే ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కితే హేవ్‌లాక్, లాంగ్ ఐలాండ్ మీదుగా పోతుంది. రేవు దాటేటప్పుడు కాసేపు డెక్కు మీద నిలబడండి. కుడివైపు కొండ మీద సెల్యులార్ జైలు. 1906లో పూర్తయినప్పుడు ఏడు వరుసలు, ఇప్పుడు మూడే నిలిచాయి. ఎడమవైపు పచ్చటి మౌంట్ హ్యారియట్, ఇప్పటి మౌంట్ మణిపూర్. దాని పాదం దగ్గరే, హోప్‌టౌన్ రేవులో, 1872 ఫిబ్రవరి 8న షేర్ అలీ అనే ఖైదీ వైస్రాయి మేయోను పొడిచి చంపాడు. కాస్త ముందుకు పోతే నార్త్ బే దీపస్తంభం. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య ఉన్న దృశ్యం అదే. ఎదురుగా రాస్, తెల్లదొరలు కాపురముండి బేకరీ, చర్చి, బంతాట మైదానం కట్టుకున్న దీవి. గైడు అక్కర్లేకుండా గంటలోపే చెరసాల దీవుల కథ మొత్తం కళ్ళముందు పరుచుకుంటుంది. రోడ్డు మీద ఇదేదీ కనిపించదు.

కొన్ని సర్వీసులు స్ట్రెయిట్ ఐలాండ్ దగ్గర కూడా ఆగుతాయి. మిగిలిన కొద్దిమంది గ్రేట్ అండమానీలకు ప్రభుత్వం ఇచ్చిన దీవి అది. మనకు దిగే అనుమతి లేదు, ఉండకూడదు కూడా. బియ్యం బస్తాలు, ఒకరిద్దరు మనుషులు దిగుతారు, పడవ కదులుతుంది.

పడవలో తోటివాళ్ళు పర్యాటకులు కారు. ఉల్లిపాయల బస్తాలు, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో కిచకిచలాడే కోడిపిల్లలు, తాడుతో బిగించిన ఫ్రిజ్జు. నా పక్కన కూర్చున్న పెద్దావిడను "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే, "రంగత్ బాబూ. మా మామగారి కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చేశాం. మీరెవరి పిల్లలు?" అంది. తమిళులు, బెంగాలీలు, రాంచీ వాళ్ళు అందరూ హిందీలో కలుసుకునే ఆ బల్లల మీద తెలుగు వినిపించడం మామూలే.

రంగత్‌లో దిగాక మాయాబందర్, దిగ్లీపూర్‌లకు బస్సు ఎక్కవచ్చు. రోడ్డు అదే గానీ ఆ భాగంలో పోలీసు కాన్వాయ్ ఉండదు, ఊళ్ళ మధ్య నుంచి పోతుంది. మాయాబందర్ దగ్గర వేబీ గ్రామంలో 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ తెగ కుటుంబాల వారసులున్నారు. ఆస్టిన్ జలసంధి మీది వంతెన దాటితే ఉత్తర అండమాన్.

రాత్రి ఓడ నేరుగా దిగ్లీపూర్ పక్కన ఏరియల్ బే చేరుస్తుంది. హోటలు గది ఖర్చు కలిసొస్తుంది, నిద్ర లేచేసరికి సాడిల్ పీక్ కనిపిస్తుంది (732 మీటర్లు, అండమాన్‌లో ఇదే ఎత్తు). చూసే ఆనందం మాత్రం తక్కువ. అందుకే వెళ్ళేటప్పుడు పగటి పడవ, వచ్చేటప్పుడు రాత్రి ఓడ అన్నది నా సలహా.

బారాటాంగ్ పోతుందే అని బాధపడేవాళ్ళకు: అక్కడున్నలాంటి బురద అగ్నిపర్వతాలు దిగ్లీపూర్ దగ్గర శ్యామ్‌నగర్‌లోనూ ఉన్నాయి. గుహలు కావాలంటే రామ్‌నగర్ వైపు ఆల్ఫ్రెడ్ గుహలున్నాయి. వీటికి తోడు పోటు తగ్గినప్పుడు ఇసుక తిన్నె మీద నడిచి ఒకదాని నుంచి ఒకదానికి దాటగల రాస్, స్మిత్ జంట దీవులు (ఈ రాస్ వేరు, పోర్ట్‌బ్లెయిర్ ఎదుటి రాస్ వేరు), చలికాలంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలీపూర్ తీరం. కారులో కదలకుండా గంటలు కూర్చుని చూసి వచ్చేదానికన్నా ఇవి ఎన్నో రెట్లు నయం.

సముద్రం దారిలో కష్టాలూ ఉన్నాయి, దాచను. టికెట్లు కొద్ది రోజుల ముందే ఇస్తారు, ద్వీపవాసులకే మొదటి ప్రాధాన్యం, అది సబబే. గాలి మారితే పడవ రద్దవుతుంది, మే నుంచి వానలు తగ్గేదాకా అది తరచూ జరుగుతుంది. మరుగుదొడ్లు అంతంతమాత్రం. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు ఎక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అంతగా పని చేయదు. మోకాళ్ళు నొప్పులున్న పెద్దవాళ్ళకు నిచ్చెన దిగడం కష్టం. వాళ్ళతో వస్తే ఉత్తరం మానుకుని నీల్‌లో నింపాదిగా ఉండటమే మంచిది. విమానానికి కనీసం రెండు రోజుల ముందు పోర్ట్‌బ్లెయిర్ చేరేలా చూసుకోండి.

పడవ రద్దయిందని హోటలువాళ్ళు "రేపు తెల్లవారుజామున కారు మాట్లాడమంటారా?" అని అడుగుతారు. వద్దనండి. ఆ రోజు వైపర్ ద్వీపానికి పడవ దొరికితే వెళ్ళండి. సెల్యులార్ జైలుకు ముందు గొలుసు కట్టిన ఖైదీలను ఉంచింది అక్కడ, షేర్ అలీని ఉరితీసిందీ అక్కడే. జనం పలచగా ఉంటారు, మధ్యాహ్నానికల్లా తిరిగి రావచ్చు.