షేర్డ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? 'ఓనర్' ఎవరో చూసుకున్నాకే డబ్బు కట్టండి

తొమ్మిది మందిమి పనిచేసే ఆఫీసుకి పదిహేడు మంది లెక్కన బిల్లు వచ్చింది. గుంటూరులో మా ఆఫీసు సంగతే ఇది. చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళు ఇంకెవరూ ఇలా ఇరుక్కోకూడదని రాస్తున్నాను.

మాది టాక్స్ కన్సల్టెన్సీ. క్లయింట్ల ఫైళ్ళు, పనుల లిస్టు, చాటింగ్ అన్నీ ఒకేచోట ఉండే వర్క్‌స్పేస్ సాఫ్ట్‌వేర్ ఒకటి నిరుడు ఒక రీసెల్లర్ (కంపెనీ తరఫున అమ్మే డీలరు) దగ్గర తీసుకున్నాం. యూజర్‌కి నెలకి 600 రూపాయలు, ఏడాది ప్లాన్. "సెటప్ సంగతి మాకొదిలెయ్యండి సార్" అన్నాడు. సాయంత్రానికల్లా చేసిచ్చాడు కూడా. నా పేరు పక్కన 'అడ్మిన్' అని కనిపించేసరికి ఇంకేం, తాళాలన్నీ మన దగ్గరే ఉన్నాయనుకున్నాను. అడ్మిన్ పైన 'ఓనర్' అని ఇంకో మెట్టు ఉంటుందని, అక్కడ ఆయన తన మెయిల్ ఐడీనే పెట్టుకున్నాడని ఏడాది తిరిగేదాకా చూడలేదు. అందులో నా తప్పూ ఉంది.

బిల్లింగ్ పేజీ ఓనర్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు. డేటా మొత్తం ఒకేసారి దించుకునే బటనూ అంతే. అందుకే లెక్క ఎప్పుడు పెరిగిందో మాకు తెలియనేలేదు. రెన్యూవల్ ఇన్వాయిస్ వచ్చాక కూర్చుని లెక్కపెడితే తేలింది: మేం తొమ్మిది మంది, ఉద్యోగం మానేసిన ముగ్గురు, మా క్లయింట్లు ఐదుగురు. మానేసినవాళ్ళని మేం 'డీయాక్టివేట్' చేశాం, వాళ్ళు లాగిన్ కాలేరు. కానీ వాళ్ళ సీటుకి, అంటే ఒక్కో యూజర్ లెక్కన కట్టే చోటుకి, డబ్బు మాత్రం నడుస్తూనే ఉంది. 18 శాతం జీఎస్టీతో కలిపి 76,464 రావాల్సింది కాస్తా 1,44,432 అయింది.

క్లయింట్లు ఎలా దూరారంటారా? అసలు తలకొట్టేసినంత పనైంది అక్కడే. ఒకరోజు పొద్దున్నే రైస్ మిల్లు నడిపే క్లయింటు ఒకాయన ఫోన్ చేశారు. "ఏమండీ, వేరే మిల్లు వాళ్ళ బ్యాలెన్స్ షీటు నా ఫోన్‌లో కనపడుతోందేంటి?" నాకు ముందు బుర్రకెక్కలేదు. ఆయన స్క్రీన్‌షాట్ పంపారు. నిజమే, టర్నోవరు, బ్యాంకు అప్పు, అన్నీ శుభ్రంగా కనపడుతున్నాయి.

మా కుర్రాడు ఆయనకి ఒక్క ఫోల్డరు చూపిద్దామని షేర్ నొక్కాడు. అక్కడ 'మెంబర్', 'గెస్ట్' అని రెండు ఆప్షన్లు ఉంటాయి. గెస్ట్‌కి ఇచ్చిన ఫోల్డరు ఒక్కటే కనపడుతుంది. మెంబర్‌కి మేం 'ఆఫీసు అందరికీ' అని పెట్టుకున్నవన్నీ తెరుచుకుంటాయి. టిక్ ముందే మెంబర్ మీద పెట్టి ఉంది. మెంబర్‌ని చేరిస్తే కంపెనీకి డబ్బులొస్తాయి, గెస్ట్‌ని చేరిస్తే రావు, ఎందుకు పెట్టారో వేరే చెప్పాలా? పైగా ఎవరైనా ఎవరినైనా పిలుచుకోవచ్చు, అడ్మిన్‌ని అడగక్కర్లేదు. ఆ సెట్టింగూ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది. ఆయనకి క్షమాపణ చెప్పి, ఆ పూటే ఐదుగురినీ ఆపేశాను. 'రిమూవ్' చేయలేదు, మళ్ళీ 'డీయాక్టివేట్' నొక్కాను! బిల్లు అందుకే తగ్గలేదు.

ఇన్వాయిస్ వచ్చింది 8న. క్లయింట్ల అమ్మకాల వివరాలతో నెలనెలా వేసే జీఎస్టీఆర్-1 రిటర్న్ గడువు 11. ఓనర్‌షిప్ నా పేరుకి మార్చమంటే, "ముందు బిల్లు కట్టండి సార్, తర్వాత చూద్దాం" అన్నాడు రీసెల్లర్. కంపెనీ సపోర్టుకి రాస్తే, ఓనర్ మెయిల్ నుంచి రాయమన్నారు! ఆ మూడు రోజులూ ఉన్న టెన్షన్ చెప్పలేను. కావాల్సిన ఫైళ్ళు ఒక్కొక్కటిగా దించుకుని రిటర్న్‌లు వేశాం. అదృష్టం ఏమిటంటే, మా ఆఫీసు డొమైన్ (మెయిల్ ఐడీల్లో @ తర్వాత ఉండే పేరు) నా పేరు మీదే కొన్నాను. డొమైన్ ఓనరు మాత్రమే మార్చగలిగే దాని డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళిచ్చిన కోడు పెట్టి, డొమైన్ మాదేనని రుజువు చేశాక ఓనర్‌షిప్ వచ్చింది. మొత్తం పన్నెండు రోజులు. డొమైన్ కూడా ఆయనే కొనిపెట్టి ఉంటే మా గతేమిటో.

కాబట్టి డెమో చూసేటప్పుడు రంగుల డాష్‌బోర్డు చూసి మురిసిపోకండి, ఎవరికి ఏ అధికారం ఉందో చూపే రోల్స్ పేజీ తెరవమనండి. అన్నిటికన్నా పైనున్న రోల్‌లో మీ మెయిలే ఉండాలి, మీరు నమ్మే ఇంకొకరిదీ ఉంటే మేలు. మనిషి మానేస్తే ఆపడం వేరు, తీసెయ్యడం వేరు, ఏది చేస్తే బిల్లు ఆగుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. పేరున్న వాటిలోనూ ఈ మెలికలుంటాయి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో సస్పెండ్ చేసిన అకౌంటుకీ డబ్బు పడుతుంది, ఏడాది ప్లాన్‌లో మధ్యలో సీట్లు తగ్గించుకోలేం. అలాగని తొందరపడి డిలీట్ చేస్తే, ఆ అకౌంటుని వెనక్కి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు. మైక్రోసాఫ్ట్ 365లో అయితే 30. ముందు ఫైళ్ళు వేరొకరి పేరుకి మార్చి, అప్పుడు తీసెయ్యండి.

వాదించగా వాదించగా ఎక్కువ వేసిన దాంట్లో సగం తగ్గించారు, మిగతాది కట్టాం. రైస్ మిల్లు ఆయన మాత్రం అప్పటినుంచీ కాగితాలన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, కాపీ అయ్యేదాకా పక్కనే కూర్చుని, అది జేబులో వేసుకునే వెళ్తున్నారు.