పాత వ్యాన్ హార్న్ బాగుచేయించుకోవాలంటే బెజవాడ ఆటోనగర్‌లో ఒక పూట

అమ్మవారి దర్శనానికో, అమరావతికో, కోటప్పకొండకో పాత ఓమ్నీ, పాత ట్రావెలర్ వేసుకొచ్చేవాళ్లకి దారిలో హార్న్ మూగబోవడం మామూలే. ఘాట్ మలుపుల్లో హార్న్ లేకుండా బండి ఎక్కించకూడదు కాబట్టి ముందు దాని సంగతి చూసుకోవాల్సిందే. గుంటూరులోనూ ఆటోనగర్ ఉంది. ఫ్యూజు, రిలే (బటన్ నొక్కగానే హార్న్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా), కొత్త హార్న్ వరకూ అయితే అక్కడే అయిపోతుంది. కాజా టోల్ కట్టుకుని బెజవాడ దాకా రానక్కర్లేదు. స్టీరింగ్ లోపలి స్లిప్ రింగో (చక్రం తిరుగుతున్నా బటన్‌కి కరెంటు తెగకుండా చూసే రింగు), ఇప్పుడు తయారవని మోడల్ స్విచ్చో కావాలంటే మాత్రం జవహర్ ఆటోనగరే నయం. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది. అలాంటి బండ్ల సెకండ్ హ్యాండ్ సామాను దొరికే అవకాశం ఇక్కడ ఎక్కువ.

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద కాసేపట్లో ఆటోనగర్ గేటు వస్తుంది. ఆదివారం నమ్ముకుని రావద్దు, మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి. లోపల ఎక్కువభాగం లారీల పనే. అందుకే నేరుగా స్పేర్ పార్టుల షాపుకి కాకుండా ముందు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాలి. షాపువాళ్లని అడిగితే హార్న్ అమ్ముతారు, జబ్బు చూడరు. చాలాసార్లు చెడిపోయేది హార్న్ కాదు, దాని దాకా కరెంటు వెళ్లే దారి.

ఆ దారిని బయల్దేరేముందే పది నిమిషాల్లో చూసుకోవచ్చు. కావాల్సింది ఒక టెస్ట్ బల్బు, రెండు మూరల వైరు. మొదట ఫ్యూజు చూడండి. పోయిందా, అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి, అంతకన్నా పెద్దది వద్దు. మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. ఫ్యూజు బాగుంటే ఒకరు బటన్ నొక్కండి, ఇంకొకరు రిలే దగ్గర చెవి పెట్టండి. టిక్ మంటే స్టీరింగ్ వైపు బాగున్నట్టే, లోపం రిలే పాయింట్ల నుంచి హార్న్ దాకా ఉన్న ముక్కలో. టిక్ మనకపోతే బటన్, స్లిప్ రింగ్, లేదా రిలేనే.

హార్న్‌ని విడిగా పరీక్షించాలంటే దాని వైర్లు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా ఒక్క సెకను ప్లస్, మైనస్ తగిలించండి. గట్టిగా పలికితే హార్న్ బాగున్నట్టు. టిక్ మని ఊరుకుంటే లోపలి పాయింట్లు అంటుకున్నాయో, డయాఫ్రమ్ (అదిరి శబ్దం చేసే రేకు) తుప్పు పట్టిందో. వెనక ఉండే చిన్న సర్దుబాటు స్క్రూని ఒకేసారి చుట్టులో ఎనిమిదో వంతు మించకుండా అటూ ఇటూ తిప్పి చూడవచ్చు. గొంతు వస్తే అక్కడ రంగు చుక్క పెట్టి వదిలేయండి. నీళ్లు దిగిన హార్న్ మీద ఇంతకంటే శ్రమ దండగ.

లక్షణాన్ని బట్టి కూడా చెప్పేయొచ్చు. స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడే మోగుతోందంటే స్లిప్ రింగ్ అరిగింది, లేదా దాని మీద ఆనే స్ప్రింగ్ కాంటాక్ట్ వాలిపోయింది. ఆగకుండా మోగుతుంటే బటన్ స్ప్రింగ్ విరిగింది, లేదా రిలే అతుక్కుంది, లేదా బటన్ వైరు స్టీరింగ్ కాలమ్‌లో బాడీకి తగిలింది. రిలే పీకినా ఆగకపోతే దాని తర్వాతి వైరింగులో చూడాలి. గొంతు బలహీనంగా ఉంటే ముందు ఎర్త్, అంటే మైనస్ బాడీకి కలిసే చోటు చూడండి: బోల్టు విప్పి, ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజిలిన్ రాస్తే సగం కేసులు అక్కడే తీరతాయి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే మాత్రం ఆ మూత మీరు ముట్టుకోవద్దు.

చాలా పాత వ్యాన్లలో రిలే ఉండదు, హార్న్ కరెంటంతా బటన్ మీదుగానే పోతుంది, అందుకే పాయింట్లు కాలతాయి. హార్న్ జత వేయించేటప్పుడు 12 వోల్టుల నాలుగు కాళ్ల రిలే కూడా పెట్టించండి. 30 అని రాసి ఉన్న కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు, 87 నుంచి హార్న్‌లకి, 86కి ప్లస్, 85 నుంచి బటన్‌కి. ఒక్కో హార్న్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది కనుక ప్రధాన వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజు 15 ఆంపియర్లది చాలు. బటన్ వైపు సన్న వైరైనా సరిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది మోసపోయేది వోల్టు దగ్గర. లారీలకి అమ్మే 24 వోల్టుల హార్న్ 12 వోల్టుల వ్యాన్‌కి పెడితే ముక్కుతుంది తప్ప అరవదు. డబ్బా మీద చదివాకే డబ్బులివ్వండి. ఒకే కాలున్న పాత హార్న్ తన బ్రాకెట్ నుంచే ఎర్త్ తీసుకుంటుంది, రెండు కాళ్లదానికి ఎర్త్ వైరు విడిగా లాగాలి, తొందరలో అది మర్చిపోయేవాళ్లున్నారు. శంఖం ఆకారపు హార్న్ మూతి కిందికి ఉండాలి, వానకి నిండదు. ఏ హార్నైనా తన రేకు బ్రాకెట్ మీదే వేలాడాలి, బాడీకి తగిలితే గొంతు పోతుంది. ప్రెషర్ హార్న్, రకరకాల రాగాలు పాడే హార్న్ పెడతామంటే వద్దనండి, చట్టం ఒప్పుకోదు. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడూ ఇబ్బందే.

పని రెండో రోజుకి జరిగితే బస పటమట, బెంజ్ సర్కిల్ వైపు చూసుకోవడం మంచిది, ఆటోనగర్‌కి దగ్గర. గాంధీనగర్, గవర్నర్‌పేట లాడ్జీలు స్టేషన్‌కి, టిఫిన్‌లకి అనువు. బండి పెట్టుకునే చోటే కష్టం. ట్రావెలర్ అయితే గది మాట్లాడుకునేముందు సెల్లార్ ఎత్తు అడగండి. చేతిలో సగం పూట మిగిలితే ఉండవల్లి గుహలు చాలు, భవానీ ద్వీపం హడావుడిగా చూసేది కాదు.

కూలి, సామాను ధర విడివిడిగా ముందే మాట్లాడుకోండి. డబ్బులిచ్చేముందు హెడ్‌లైట్లు, వైపర్లు వేసి ఉంచి హార్న్ కొట్టండి, గొంతు తగ్గకూడదు. తర్వాత స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ కొట్టండి, ఎక్కడా తెగకూడదు. పాత హార్న్ ఇంకా పలుకుతుంటే అడిగి తెచ్చుకుని టూల్ బాక్సులో పడేయండి.